గోడ వెనక ఓటర్లు

బ్రాండ్ హాలో అనే గని ఊరి బడిలో, సెనేట్ ఎన్నికల నాడు పౌలీనా సెడ్లార్ పేర్లు పిలిస్తే, చనిపోయిన పదకొండు మంది గనివాళ్ళు ఒక్కొక్కరే పలికారట. లోయలో ఈ మాట తెలియనివాళ్ళు లేరు. ఒకరు నేల అదిరిందంటారు. ఒకరు బడి చెక్కల మీద తడి బొగ్గు అడుగులు పడ్డాయంటారు. మంగలి షాపులో కూర్చునేవాళ్ళయితే ఓట్ల పెట్టెలోంచి దగ్గు కూడా వినిపించిందని కలుపుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ వేళ గదిలో లేరు. ఓటుకొచ్చిన మగవాళ్ళంతా బయట మెట్ల మీద వరసలో ఉన్నారు. చలికి తలుపు వేసి ఉంది.

పౌలీనా ఆ మాటను ఏనాడూ కాదనలేదు, అవుననీ అనలేదు. ఎవరైనా మొహం మీదే అడిగితే చేతిలో ఉన్న పని చూసుకునేది. చిన్నప్పటి నుంచీ ఆమెది అదే పద్ధతి.

తండ్రి స్లొవాక్ కొండల్లోంచి ఓడెక్కి పెన్సిల్వేనియా బొగ్గులోకి వచ్చాడు. పౌలీనాకు పన్నెండేళ్ళప్పుడు ఊపిరితిత్తుల్లో ఆ బొగ్గే పేరుకుని పోయాడు. తల్లి రోజాలియా పెళ్ళికాని ఆరుగురు గనివాళ్ళకు ఇంట్లో మంచాలిచ్చి, వండిపెట్టి, బట్టలుతికి సంసారం నెట్టుకొచ్చింది. ఆ ఉతుకుడు కోసం పౌలీనా ఆరో తరగతిలోనే బడి మానేసింది. టీచరమ్మ ఇంటికొచ్చి, "దీని చేతిరాత చూడండి, అచ్చేసినట్టుంది. ఇంకో రెండేళ్ళు పంపండి" అంది. రోజాలియాకు ఇంగ్లీషు రాదు. ఆ మాట తల్లి భాషలోకి మార్చి చెప్పాల్సింది పౌలీనాయే.

"ఏమంటోందే ఆవిడ?"

"నా చేతిరాత బాగుందట."

అంతవరకే చెప్పింది. రెండో మాట మింగేసింది.

బడి పోయినా రాత మిగిలింది. ఊళ్ళో ఆడవాళ్ళు పాత దేశానికి ఉత్తరాలు రాయించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. "మా అత్తకు నేను బాగున్నానని రాయవే. మరీ బాగున్నానని రాయకు, ఓడెక్కి వచ్చేస్తుంది" అనేవాళ్ళు. పౌలీనా తల వంచుకుని రాసేది. ఎవరింట్లో ఏ గొడవ ఉందో, ఎవరు ఎవర్ని తలుచుకుని ఏడుస్తారో ఆమెకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోసిన రోజు మాత్రం లేదు.

పందొమ్మిది వందల ఇరవైలో ఆడవాళ్ళకు ఓటొచ్చింది. కంపెనీ స్టోరు మేనేజరు ఎల్మర్ ట్రూట్ అక్కడి పోలింగుకు కూడా పెద్ద. అతను ఆ ఏడు రోజాలియా ఇంటి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే టోపీ తీయకుండా నిలబడ్డాడు.

"పోలింగు బల్ల దగ్గర పేర్లు రాయడానికి మనిషి కావాలమ్మాయ్. రాత తెలిసి, నోరు లేని మనిషి. నిన్ను మించినవాళ్ళు నాకు దొరకరు."

ఆ పనికి నోరు కూడా కావాలని ఎన్నికల నాడు గానీ తెలియలేదు. వచ్చినవాడు తన పేరు చెప్పాలి. గుమాస్తా ఆ పేరును గదిలో అందరికీ వినపడేలా మళ్ళీ పలకాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. ఎవరూ ఏమీ అనకపోతే అప్పుడు నంబరు వేసి రాయాలి, మనిషికి ఓటు కాగితం ఇవ్వాలి. పౌలీనా గొంతు బల్ల దాటేది కాదు.

"స్టోర్లో ఎలకలు కూడా నీకంటే గట్టిగా అరుస్తాయి" అన్నాడు ట్రూట్.

బల్లకు అవతలి వైపు ప్యూ అనే ముసలి వెల్ష్ గనివాడు కూర్చునేవాడు. ఎదుటి పార్టీ తరఫున కాపలాకని పేరు. సగం రోజు పొయ్యి పక్కన కునికేవాడు. "పూర్వం సెనేటర్లను రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో పెద్దలే ఒక గదిలో కూర్చుని తేల్చేవాళ్ళమ్మా" అన్నాడు ఆమెతో. "మనల్ని అడగడం మొదలెట్టి ఆరేళ్ళే అయింది. ఇప్పుడు ట్రూట్‌గారి స్టోర్లో తేలుస్తున్నారు. మనకు నడక దగ్గరయింది, అంతే."

వరసలో ఆమె అన్న ఓండ్రెయ్ కూడా వచ్చాడు. షిఫ్టు దిగి తిన్నగా వచ్చాడేమో, కళ్ళ చుట్టూ తప్ప మొహమంతా నలుపే. బల్ల మీదకి వంగి, తన పేరు బడి పిల్లాడిలా గట్టిగా అప్పజెప్పాడు. "తప్పుల్లేకుండా రాయి చెల్లీ. రేపు సెనేటరుగారు నన్ను వెతుక్కుంటూ వస్తే దారి తప్పకూడదు." గదిలో వాళ్ళు నవ్వారు. పౌలీనా ఆ రోజు మొదటిసారి గట్టిగా పలికిన పేరు అదే.

పందొమ్మిది వందల ఇరవై రెండు ఫిబ్రవరిలో గనిలో తూర్పు సొరంగం పేలింది. లోపల మంట ఆరలేదు. మూడో రోజున, మంటకు గాలి అందకుండా, కంపెనీ సొరంగానికి అడ్డంగా ఇటుక గోడ కట్టించింది. గోడ అవతల పదకొండు మంది ఉండిపోయారు. వాళ్ళలో ఓండ్రెయ్ ఒకడు. గోడ కట్టేటప్పుడు అవతల్నుంచి కొట్టిన చప్పుడు వినిపించిందని మేస్త్రీ ఒకసారి తాగినప్పుడు అన్నాడు. తాగనప్పుడు అడిగితే, తాను అలా అననే లేదన్నాడు.

గనిలోకి దిగే ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ళను దీపాల గది పలకకు తగిలించి వెళ్ళాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ళ పలక మీదుంటే మనిషి లోపలున్నట్టు లెక్క. ఆ పదకొండు బిళ్ళలనూ ఎవరూ తీయలేదు. ఆ శీతాకాలం ఊరంతా మోకాలి లోతు మంచు కప్పితే, తూర్పు సొరంగం పైనున్న కొండవాలు మాత్రం నల్లగా, తడిగా ఉండిపోయింది. అక్కడ ఏ మంచూ నిలిచేది కాదు. పశువులు వెచ్చగా ఉంటుందని అక్కడికి చేరేవి. మనుషులు ఆ వాలును చుట్టి వెళ్ళేవాళ్ళు.

శరీరాలు లేవు గనుక సమాధులు లేవు. నవంబరు రెండున, ఆత్మల పండుగకు, ప్రతి ఇంటివాళ్ళూ తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసి ఫాదర్‌కి ఇస్తారు. ఆయన ఒక్కో పేరూ చదువుతాడు, ఇంటివాళ్ళు లేచి బదులు చెప్తారు. ఆ పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ చీటీలు ఇవ్వలేదు. ఫాదర్ అడిగితే, "మా వాళ్ళింకా పైకి రాలేదు" అన్నారు.

రోజాలియా ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి, షిఫ్టు దిగే కూత వినగానే, పొయ్యి మీద నీళ్ళ కాగు పెట్టేది. ఓండ్రెయ్ స్నానం చేసే తొట్టె పొయ్యి పక్కకు లాగి, నీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి వేడి చూసేది. చల్లారాక పారబోసేది. పౌలీనా తువ్వాలు తెచ్చి కుర్చీ మీద వేసి, తర్వాత మడతపెట్టి తీసేసేది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఇల్లు కంపెనీది. గనిలో పనిచేసే సొంత మగవాడు లేని ఇంటిని, అద్దెమనుషులున్నా సరే, కంపెనీ ఖాళీ చేయిస్తుంది. ఆ వసంతంలో ఓటర్ల జాబితా రాసే మనిషి ఇంటింటికీ తిరుగుతూ వచ్చాడు.

"ఇంట్లో ఓటున్న మగవాళ్ళెవరమ్మా?"

"ఓండ్రెయ్" అంది రోజాలియా.

"ఏడీ?"

"పనిలో ఉన్నాడు."

అతను ఒక్క క్షణం ఆమె మొహం చూసి, తల దించుకుని రాసుకున్నాడు. మిగతా పది ఇళ్ళలోనూ అతనికి అదే జవాబు వచ్చింది. ఆ ఆడవాళ్ళు ముందుగా కూడబలుక్కున్నది లేదు. ప్రతి ఇంట్లోనూ అదే మాట దానంతటదే నోటికొచ్చింది.

ట్రూట్ ఆ జాబితా చూసి ఏ పేరూ కొట్టేయలేదు. "జాబితాలో మగాడున్న ఇల్లు మగాడున్న ఇల్లే. ఎవర్నీ కదిలించం" అని స్టోర్లో అందరి ముందూ అన్నాడు. ఆడవాళ్ళు అతన్ని దీవించారు. ఆ దయకు బదులుగా అతనేం కోరుకుంటున్నాడో నవంబరు ఎన్నికల నాడు పౌలీనాకు తెలిసింది. మధ్యాహ్నం గది ఖాళీ అయింది. ప్యూ పులుసు తాగడానికి ఇంటికి వెళ్ళాడు. ట్రూట్ జేబులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద జరిపాడు. పదకొండు పేర్లున్నాయి.

"జాబితాలో ఉన్నవాడు ఓటు కూడా వేయాలి కదమ్మాయ్? లేకపోతే పైవాళ్ళు ఉన్నాడా లేడా అని ఆరా తీస్తారు. అప్పుడు ఇల్లు నా చేతిలో ఉండదు. నువ్వు రాయి. కాగితాలు నేను చూసుకుంటాను."

పౌలీనా రాసింది. డెబ్బై మూడో నంబరు దగ్గర తన అన్న పేరు రాసింది. పేరు ముందు చెవిన పడాలి, తర్వాత చేతికి రావాలి. ఆ పదకొండు పేర్లనూ ఎవరూ చెప్పలేదు, ఆమె పలకలేదు. ట్రూట్ పదకొండు కాగితాలు మడిచి పెట్టెలో వేశాడు.

అప్పట్నుంచీ ఆమె వెనక ఒక వరస నిలబడింది. పట్టపగలే. బట్టలు పిండుతుంటే, బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, వీపు వెనక ఎవరో గొంతు సవరించుకునేవారు. తమ వంతు వచ్చిందా అని అడగబోయి ఆగిపోయినట్టు. బరువైన బూట్లు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి ఒరిగిన చప్పుడు. తిరిగి చూస్తే గోడ. వాళ్ళు ఆమెను భయపెట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. పేరు అడుగుతుందేమోనని ఎదురుచూశారు, అంతే. ఉత్తరాలు రాస్తున్నప్పుడు మాత్రం దగ్గరికొచ్చేవారు. మెడ మీద వేడి తగిలేది.

నాలుగేళ్ళు ఇలా గడిచాయి. మళ్ళీ సెనేట్ ఎన్నికలొచ్చే ఏడు, మే నెలలో, హెలేనా దుడాష్ జిల్లా కోర్టు నుంచి తిరిగొచ్చి తిన్నగా పౌలీనా ఇంటికొచ్చింది. హెలేనా మొగుడు షిమోన్ కూడా గోడ వెనకే ఉన్నాడు. ఆమె నోరు ఊళ్ళో అందరికీ భయం. పౌలీనా పెరట్లో తాడు మీద దుప్పట్లు ఆరేస్తోంది.

"ఏమ్మా గుమాస్తాగారూ! మంచి కబురు తెచ్చాను. మా ఆయన బతికే ఉన్నాడట."

పౌలీనా చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"చావు కాగితం ఇమ్మని వెళ్ళాను. కోర్టు గుమాస్తా పుస్తకం తీశాడు. 'నీ మొగుడు గనిలో పోయాడన్న తొమ్మిది నెలలకు బళ్ళోకొచ్చి ఓటేశాడు, ఎలా చచ్చాడంటావు?' అన్నాడు. నన్నొదిలేసి ఎక్కడికో పోయుంటాడట. వెతుక్కోమన్నాడు. ఎక్కడ వెతకనే? పార తీసుకుని గోడ బద్దలుకొట్టనా?"

"అక్కా, నేను..."

"ఆ రాత నాకు చూపించాడు. నీ రాత నేను పోల్చుకోలేననుకున్నావా? పదేళ్ళుగా మా అమ్మకు ఉత్తరాలు రాస్తున్నావు. నాకు చదవడం రాకపోవచ్చు, మా ఇంటిపేరు మొదటి అక్షరానికి నువ్వు పెట్టే పొట్ట నాకు తెలుసు."

మాత్యాష్ అనే వడ్రంగి రెండేళ్ళుగా హెలేనా కోసం కాచుకుని ఉన్నాడని ఊరందరికీ తెలుసు. అతనికి ఒహాయోలో పని దొరికింది. క్రిస్మస్ దాటాక వెళ్ళిపోతానన్నాడు. మొగుడు పోయినట్టు కాగితం లేనిదే ఫాదర్ పెళ్ళి చేయడు.

"రాయకపోతే ఇల్లు పోతుందక్కా" అంది పౌలీనా. "నీదీ, మాదీ, అందరిదీ."

"తెలుసే. ఆ మాట చెప్పి నన్ను నువ్వు భయపెట్టక్కర్లేదు. నిన్ను రాయొద్దని కూడా నేననడం లేదు. నా మొగుణ్ణి ఎక్కడ పెట్టావో చెప్పమంటున్నా. భూమిలో లేడు, స్వర్గంలో లేడు, నా మంచంలో లేడు. నీ పుస్తకంలో ఉన్నాడు. అక్కడ వాడికి అన్నం ఎవరు పెడుతున్నారు?"

నవ్వుతూనే అంది. నవ్వుతూనే దుప్పటి అంచు పట్టుకుని మొహం దాచుకుంది. పౌలీనా ఆమె ఏడుపు అయ్యేదాకా దుప్పటి రెండో అంచు పట్టుకుని నిలబడింది.

అక్టోబరులో ఒక సాయంత్రం నాలుగింటి కూత అయ్యాక, తల్లి తొట్టెలో నీళ్ళు పోస్తుంటే పౌలీనా అంది, "అమ్మా, ఈసారి వాళ్ళ పేర్లు రాయలేను."

రోజాలియా మోచెయ్యి నీళ్ళలో ముంచింది. "రాయకపోతే ఈ ఇంట్లో ఉండనిస్తారా?"

"ఉండనివ్వరు."

"మరి వాడు షిఫ్టు దిగి ఏ ఇంటికొస్తాడే? ఈ తలుపే కొడతాడు. లోపల ఇంకెవరో ఉంటారు. ఆ మసి మొహం చూసి ఎవరు నువ్వు అంటారు. వాడేం చెప్తాడు?"

ఇల్లొక్కటే పోతే పౌలీనా భరించగలదు. తల్లి రోజుకొక్కసారి నాలుగింటికి బతుకుతోంది, ఆ నాలుగింటి వేళ ఈ పొయ్యి దగ్గరే ఉంది.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి. తువ్వాలు తీసుకురా" అంది రోజాలియా.

పౌలీనా తెచ్చింది.

ఆ ఏడు ఎన్నికలు నవంబరు రెండున పడ్డాయి, ఆత్మల పండుగ నాడు. పోలింగు పొద్దున ఏడింటికి మొదలైంది. ట్రూట్ ఈసారి మధ్యాహ్నం దాకా ఆగలేదు. కాస్త సందు దొరకగానే చీటీ ఆమె సిరా అద్దుడు కాగితం కిందికి తోశాడు. "వీలు చూసుకుని రాసెయ్. గుట్టుగా" అన్నాడు. పౌలీనా తలూపింది. తొమ్మిదయింది, పదయింది. రెండుసార్లు అతను కళ్ళతో అడిగాడు. రెండుసార్లూ ఆమె కలం పాళీ తుడుచుకుంటూ కూర్చుంది.

పదకొండింటికి కొండ మీద గుళ్ళో పూజ అయింది. ఆడవాళ్ళు నల్ల శాలువలు కప్పుకుని గుంపుగా దిగి, అటు నుంచి అటే ఓటుకని బడిలోకి వచ్చారు. గోడ వెనకవాళ్ళ పెళ్ళాలు, తల్లులు అందులోనే ఉన్నారు. వాళ్ళ మనుషుల పేర్లు ఆ పొద్దున కూడా గుళ్ళో ఎవరూ చదవలేదు. షిఫ్టు మారిన మగవాళ్ళు వాళ్ళకు దారిచ్చి బయట మెట్ల మీద ఆగారు. ఎవరో తలుపు వేశారు. రోజాలియాను బల్ల దగ్గరున్న బెంచీ మీద కూర్చోబెట్టారు. ట్రూట్ కిటికీ దగ్గర చుట్ట ముట్టించుకుంటున్నాడు. ప్యూ కునుకుతున్నాడు.

పౌలీనా వీపు వెనక గొంతు సవరించుకున్న చప్పుడయింది.

ఆమె అద్దుడు కాగితం ఎత్తి, చీటీ తీసి, లేచి నిలబడింది. ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆమె నిలబడటం ఎవరూ చూడలేదు.

"షిమోన్ దుడాష్" అంది.

ఆ గొంతు ఎక్కడిదా అని కొందరు చుట్టూ చూశారు. ట్రూట్ చేతిలో అగ్గిపుల్ల కాలుతూ ఉండిపోయింది.

"షిమోన్ దుడాష్. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి."

హెలేనా అప్పుడే మోకాళ్ళ మీద కూర్చుని లేచినదానిలా, శాలువ సర్దుకుని, గుళ్ళో చెప్పినట్టే చెప్పింది. "చనిపోయాడు. ప్రభువా, అతనికి నిత్య విశ్రాంతి దయచేయండి."

"కూర్చో పౌలీనా" అన్నాడు ట్రూట్. నెమ్మదిగానే అన్నాడు. "ఇళ్ళు గుర్తున్నాయా నీకు? మీ అమ్మ ఎక్కడ పడుకుంటుందో గుర్తుందా?"

గుర్తుంది. అయినా రెండో పేరు పిలిచింది. "బెన్యామిన్ తోకార్."

తోకార్ తల్లి గుడ్డిది. పక్కనున్న ఆడమనిషి చెయ్యి గట్టిగా పట్టుకుని లేచింది. "మా వాణ్ణి పిలుస్తోంది కదా? మా వాణ్ణేనా?" అని అడిగింది. అవునన్నారు. "చనిపోయాడు తల్లీ" అంది. "నాలుగేళ్ళయింది. ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నాను."

ఆ తర్వాత ఎవరూ ఆలోచించలేదు. ఆత్మల పండుగ నాడు పేరు చదివితే లేచి బదులు చెప్పడం వాళ్ళ ఒంట్లో ఉన్న అలవాటు. మిహాల్ గోంబార్. మాతేయ్ లిప్తాక్. పేరు వెనక పేరు, బదులు వెనక బదులు. కొందరు ఏడ్చారు. గోంబార్ పెళ్ళాం బదులు చెప్పి, పౌలీనా వైపు తిరిగి, "నా ఇల్లు తీసేశావే" అంది, మళ్ళీ శిలువ గుర్తు వేసుకుంది. పౌలీనా ప్రతి పేరు ఎదురుగా, ఓటు నంబరు వేసే చోట, 'మృతుడు, ఫిబ్రవరి 1922' అని రాస్తూ పోయింది. బయట మెట్ల మీదివాళ్ళకు తలుపు సందులోంచి పేర్లు స్పష్టంగా వినిపించాయి. బదులు చెప్పిన గొంతులు లోగొంతులు. అవి ఎవరివో వాళ్ళకు తెలిసే దారి లేదు. వాళ్ళలో ఇద్దరు వరస వదిలేసి కొండ దిగిపోయారు.

జాబితా అయ్యేసరికి ప్యూ పూర్తిగా మేలుకుని ఉన్నాడు. "అభ్యంతరాలు చెప్పారు, నేను విన్నాను" అన్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "ఆ పేర్ల మీద ఈ పెట్టెలో కాగితం పడడానికి వీల్లేదు ట్రూట్‌గారూ. ఒక్కటి పడినా నేను పెట్టె మీద కూర్చుంటాను. నేనెంత బరువో మీకు తెలుసు."

ట్రూట్ చుట్ట నేల మీద పడేసి తొక్కి, ఏమీ అనకుండా కోటు తొడుక్కున్నాడు. అనాల్సిన అవసరం అతనికి లేదు. మూడో రోజుకల్లా పదకొండు ఇళ్ళ తలుపులకూ కాగితాలు అంటించి ఉన్నాయి. క్రిస్మస్ లోపు ఖాళీ చేయాలి.

ఆ ఏడు రాష్ట్రమంతటా ఎన్నికల గొడవలే. కొన్ని వాషింగ్టన్ దాకా వెళ్ళాయి. బ్రాండ్ హాలో పేరు మాత్రం అక్కడ ఎవరూ వినలేదు. కంపెనీ బలపరిచిన అభ్యర్థి ఆ పదకొండు కాగితాలు లేకుండానే ఆ బళ్ళో హాయిగా గెలిచాడు. పౌలీనా రాసిన పేజీ జిల్లా కోర్టుకు చేరింది. దాన్ని చూపించి హెలేనా చావు కాగితం తీసుకుంది. జనవరిలో మాత్యాష్‌ని పెళ్ళి చేసుకుని ఒహాయో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గసగసాల రొట్టె ఒకటి తెచ్చి, "ఇక మా అమ్మకు ఉత్తరాలు ఎవరు రాస్తారే?" అని అడిగింది. మిగతావాళ్ళలో ఇద్దరు పౌలీనాతో మళ్ళీ మాట్లాడలేదు. వాళ్ళను ఆమె తప్పుపట్టలేదు.

తల్లీకూతుళ్ళు నది అవతలి పట్నంలో, రొట్టెల దుకాణం మీద గదిలో దిగారు. పౌలీనా చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పనికి చేరింది. పట్నంలో గని కూత వినపడదు. అయినా నాలుగవగానే రోజాలియా లేచి నీళ్ళు పెట్టేది. తొట్టె లేదు, బకెట్లో పోసేది. "దారి చెప్పావా వాడికి?" అని అడిగేది. "చెప్పాను" అనేది పౌలీనా. ఇలా ఐదేళ్ళు. ముప్పై ఒకటిలో రోజాలియా పోయింది. కోర్టు కాగితంలో చనిపోయిన సమయం అని ఒక గడి ఉంటే, నర్సును అడిగి పౌలీనాయే నింపింది. నాలుగుంబావు.

ఆ తర్వాత ప్రతి సెనేట్ ఎన్నికకూ ఆమె మామూలు ఓటరుగా వరసలో నిలబడింది. ముప్పై నాలుగులో రాష్ట్రం తిరగబడి, ఎన్నేళ్ళుగానో గెలవని పార్టీవాడు సెనేటుకు గెలిస్తే, లోయలో గనివాళ్ళు వీధుల్లో అకార్డియన్లు వాయించారు. ఆ రోజు వరసలో వెనకున్న ఒకడు ఆమెను గుర్తుపట్టాడు.

"మీరు సెడ్లార్ పౌలీనా కదూ? చచ్చినవాళ్ళను పలికించిన ఆవిడ? మా మావయ్య మెట్ల మీదే ఉన్నాడట. పదకొండు గొంతులూ లెక్కపెట్టాడట."

"లెక్కపెట్టాడా?" అంది పౌలీనా.

"ఒట్టు. పదకొండూనూ. నిజమేనా అమ్మా?"

వరస కదిలింది. ఆమె ముందుకెళ్ళి బల్ల దగ్గర తన పేరు చెప్పింది. అక్కడి గుమాస్తా వయసులో చిన్నది. ఆ పేరును అందరికీ వినపడేలా మళ్ళీ పలికి రాసుకుంది.

మావయ్య లెక్క సరైనదే, గొంతులు పదకొండే. అందులో పది మాత్రమే బదులు చెప్పడానికి లేచినవాళ్ళవి. ఓండ్రెయ్ సెడ్లార్ పేరును పౌలీనా చివరికి ఉంచి మూడుసార్లు పిలిచింది. రోజాలియా బల్లకు మూడడుగుల దూరంలో కూర్చుని, తలుపు వైపు చూస్తూ, పలకలేదు. అప్పుడు "చనిపోయాడు" అన్నది పౌలీనా.